తనిఖీ మా నుంచే

సోమవారం పొద్దుటి బస్సు ఎక్కేలోగా సుచరిత చెయ్యాల్సిన పనులు ఇవి. బడికి వెళ్ళి పాత అడ్మిషన్ రిజిస్టర్లు బయటికి తీయమని హెడ్మాస్టరుని ఒప్పించడం. వాటిలో పేటవాళ్ళ పేర్లు వెతికి, తండ్రి పేరు, చేరిన సంవత్సరం తప్పుల్లేకుండా నకలు రాయడం. ప్రతి నకలు మీదా బడి ముద్ర వేయించడం. అర్జీ హిందీలో రాసి, షెడ్డు షెడ్డుకీ తిరిగి తెలుగులో చెప్పి ఒప్పించడం. వేలిముద్రలకి ఇంకు డబ్బా తేవడం. టాంకరు వచ్చినప్పుడు నీళ్ళు పట్టడం, అర్జీ ఉందని టాంకరు ఆగదు కనక. తమ్ముడు పైడిబాబు ఎక్కడా నోరు పారేసుకోకుండా చూడటం. ఈ చివరిదే అన్నిటికన్నా కష్టం.

సునామీ వచ్చి ఏడాదిన్నర అయింది. అండమాన్‌లో వండూర్ దగ్గర తీరంలో ఉండే వాళ్ళ జాలరిపేట ఇప్పుడు నీళ్ళలో ఉంది. నేల కుంగిపోవడంతో పోటు వచ్చినప్పుడల్లా సముద్రం పాత ఇళ్ళ గడపల మీంచి లోపలికి వచ్చి పోతుంది. ముప్పై కాపురాలూ గుట్ట మీది రేకుల షెడ్లలో సర్దుకున్నాయి. పడవలు లేవు. పడవలు లేని మగవాళ్ళకి మిగిలిన ఒకే ఆశ, కింద కడుతున్న కొత్త జెట్టీ పని. అందులో సగం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని కాంట్రాక్టులో రాసి ఉంది. స్థానికులెవరో జిల్లా పరిషత్ మెంబరు సంతకం పెట్టి పంపాలి. ఆ జాబితా సోమవారంతో ముగుస్తుంది. అందులో పేటవాళ్ళ పేరు ఒక్కటి కూడా లేదు.

ఎందుకు లేదో సుచరితకి రెండు నెలలుగా తెలుసు. పేటలో పుట్టి బీయే పాసైన మొదటి మనిషి ఆమె. ఏ కాగితం వచ్చినా ముందు ఆమె చేతికే వచ్చేది.

వాళ్ళ పేటలో కాగితాలు ఇంట్లో ఉండేవి కావు. రేషన్ కార్డు, చేపల లైసెన్సు, తాతలు ఆంధ్రా నుంచి వచ్చి ఓడ దిగినప్పటి పాసు, అన్నీ పాలిథిన్ కవర్లో చుట్టి పడవ వెనక చెక్క కింద రేకు పెట్టెలో పెట్టేవాళ్ళు. అక్కడి సముద్రంలో సగం మెరైన్ పార్కుది. గార్డులు నడినీళ్ళలో పడవ ఆపి కాగితం అడుగుతారు. చూపించకపోతే వల లాక్కుంటారు. ఇంటికొచ్చి కాగితం అడిగినవాడు నలభై ఏళ్ళలో ఒక్కడూ లేడు. అందుకని పడవే వాళ్ళ బీరువా. సునామీ వచ్చిన ఆ ఆదివారం పొద్దున ఒడ్డున వరసగా కట్టి ఉన్న పడవల్ని సముద్రం ఒక్కసారిగా ఎత్తుకుపోయింది. వాటితోపాటే పేట మొత్తం ఆధారాలూ పోయాయి.

తర్వాత ప్రభుత్వం అందరికీ కొత్త కార్డులు ఇచ్చింది. వాటి మీద తేదీ రెండువేల ఐదు. అదే వరసలో, అదే వారంలో, జెట్టీ కాంట్రాక్టరు మేస్త్రీ తన క్యాంపులో మనుషుల్ని కూడా నిలబెట్టాడు. సునామీలో కార్డులు పోయాయని చెప్పించాడు. వాళ్ళకీ అదే ఇంకు, అదే తేదీ. ఆ మనుషులు ఉత్తరాన ఏదో క్రీకులో, అంటే సముద్రపు పాయలో, చిన్న మరపడవ దిగి వచ్చినవాళ్ళు. సరిహద్దు అవతలి మనుషులని గుట్ట మీద అందరికీ తెలుసు. వాళ్ళు సగం కూలికి పని చేస్తారు, ఆదివారం లేదు, నోరు లేదు. ఇప్పుడు కాగితాల్లో స్థానికులు వాళ్ళే, జాబితా నిండా వాళ్ళ పేర్లే.

సుచరిత వాళ్ళలో ఒకాయన్ని క్యాంపు కుళాయి దగ్గర అడిగింది. తల నెరిసిన మనిషి. సిమెంటు పట్టిన చేతులు కడుక్కుంటున్నాడు.

"మీ కార్డులో ఏ ఊరని రాశారు, భయ్యా?"

"కార్డ్ మేస్త్రీ కే పాస్ హై, దీదీ. హమ్‌నే దేఖా భీ నహీఁ," అన్నాడు. కార్డు మేస్త్రీ దగ్గరే ఉంటుందట, తన పేరున్న కాగితాన్ని తనింతవరకూ చూడలేదట. అతని మీద కోపం తెచ్చుకోవాలని సుచరిత ప్రయత్నించింది. రాలేదు. కోపం ఎక్కడ పెట్టాలో ఆ సాయంత్రం అర్జీ రాస్తున్నప్పుడు తెలిసింది. మొదటి కోరిక ఇలా రాసింది: క్యాంపులో ప్రతి కార్డునూ తనిఖీ చెయ్యాలి, ఆ మనుషుల్ని తెచ్చినవాళ్ళెవరో, కార్డులు ఇప్పించినవాళ్ళెవరో తేల్చాలి. రెండో కోరిక, స్థానికుల పని స్థానికులకి ఇవ్వాలి. మూడోది, క్రీకుల్లో కాపలా పెట్టాలి.

బడి గుట్ట నెత్తిన ఉంది కాబట్టి రిజిస్టర్లు తడవలేదు, సునామీకి ముందటి ఆధారాలు ఇక అవే. హెడ్మాస్టరు తమిళాయన, ఒకప్పుడు సుచరితకి లెక్కలు చెప్పినవాడు. "పాత రిజిస్టరు బయటికి ఇవ్వకూడదు," అని హిందీలో అని, తలుపు దగ్గరికి వేసి, తానే చదువుతూ కూర్చున్నాడు. రెండు రోజులు పట్టింది. అప్పయ్య, రెండో తరగతి, తండ్రి వేలిముద్ర. మల్లేశు, మొదటి తరగతిలోనే మానేశాడు, అయినా పేరుంది. పెద్దవాళ్ళు చదవకపోయినా, పిల్లల్ని చేర్చినప్పుడు వేసిన వేలిముద్రలున్నాయి. శనివారం సాయంత్రానికి ఇరవై తొమ్మిది కాపురాలు తేలాయి.

ముసలమ్మ ఒక్కతే తేలలేదు.

ముసలమ్మ మొగుడితో ఓడ దిగినప్పుడు పేటలో నాలుగే గుడిసెలుండేవి. ఒక్కడే కొడుకు, రాముడు. తొమ్మిదో ఏటే పడవెక్కాడు, బడి గడప తొక్కలేదు. మొగుడు ఎప్పుడో పోయాడు. ఆ ఆదివారం పడవ తాడు విప్పుకొద్దామని పరిగెత్తిన రాముడు తిరిగి రాలేదు. పేటలో సగం మందికి మంత్రసాని ఆమె. సుచరిత బొడ్డు కోసింది కూడా ఆమే. ఆమె ఇక్కడిదని చెప్పడానికి మనుషులున్నారు గానీ, కాగితం లేదు.

"దీనికింత ఆలోచనేటప్పా?" అన్నాడు పైడిబాబు. "రిజిస్టరులో రాముడు పేరు ఓ లైను ఎక్కించీమను. మాస్టరు మనోడే కదా. ఎవుడు సూడొచ్చేడు?"

సుచరిత వెంటనే కాదనలేకపోయింది. ఒక్క లైను. పాత పేజీల్లో ఖాళీలున్నాయి. ఆ మాట ముసలమ్మ ముందు పెట్టింది, అదీ నేల చూపులు చూస్తూ.

ముసలమ్మ చేప పొలుసు తీస్తూనే ఉంది. "ఆ మేస్త్రీ సేసిందేటి? లేని పేరు ఎక్కించాడు. నువ్వూ ఎక్కించేస్తే, మరి ఆడినేటని అడుగుతావే?"

"అలాగని నిన్ను వదిలేస్తామా, మామ్మా?"

"వొగ్గీమన్నానా? రాయి. ముసలమ్మకి కాగితం నేదు అని రాయి. ఉన్నది ఉన్నట్టు రాయడానికే కదే నిన్ను అంత సదివించేరు."

"రాస్తే నిన్ను కూడా ఆళ్ళతో కలిపేస్తారే," అన్నాడు పైడిబాబు.

"కలిపితే కలపనీరా. నానేటి సక్కెరనా, నీళ్ళలో కరిగిపోడానికి? అప్పుడే కరగలేదు."

సుచరిత అలాగే రాసింది. అర్జీ చివర కొత్త వాక్యం చేర్చింది: తనిఖీ మా పేట నుంచే మొదలుపెట్టండి. మాలో ఆధారం లేని మనిషి ఒకరున్నారు. ఆమె పేరు ముసలమ్మ.

సోమవారం పద్దెనిమిది మంది బస్సెక్కారు. మెంబరు నూకన్న గారిది పోర్ట్ బ్లెయిర్ పక్కన ఆస్టినాబాద్‌లో మేడ, కింద సిమెంటు, ఇనుము కొట్టు. ఆయన తండ్రీ అదే ఓడల కాలంలో వచ్చినవాడే. ఓట్లప్పుడు గుట్టెక్కి, ముసలమ్మ చేతి చేపల పులుసు తిని, మనం మనం అన్నవాడే. జెట్టీకి సిమెంటు ఈ కొట్టు నుంచే వెళుతుంది.

"రామ్మా సుచరితా, ఏంటీ ఊరేగింపు?" అన్నాడు నవ్వుతూ.

"అర్జీ ఇద్దామని వచ్చామండీ, మెంబరు గారూ."

"మావయ్యా అనేదానివి. మెంబరు గారు ఎప్పట్నుంచి?"

"మీకు ఓటేసినప్పట్నుంచండి."

వెనక గవరమ్మ కిసుక్కున నవ్వింది. గవరమ్మ ముగ్గురు కొడుకులూ ఖాళీగా ఉన్నారు, నవ్వు మాత్రం పోలేదు.

నూకన్న అర్జీ మొదటినుంచీ చివరిదాకా చదివాడు. నకళ్ళ కట్ట తిరగేశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా. మీరు లోకల్ అని నాకు మాలూమ్. ఈ నకళ్ళు చాలు, ఇప్పుడే సంతకం పెడతాను. కానీ ఈ మొదటి పేరా తీసెయ్. క్యాంపు తనిఖీ, ఎవరు తెచ్చారు, ఎవరు ఇప్పించారు, ఇదంతా ఎందుకు? పని ఆగిపోతుంది. జెట్టీ ఆగితే మీ ఉద్యోగాలు ఎక్కడుంటాయి?"

సుచరిత లెక్కేసుకుంది. పేటలో ఖాళీగా ఉన్న ఇరవై ఇద్దరికి పని. చేతికి అందేంత దూరంలో ఉంది. పైడిబాబు ఆమె మొహం వైపే చూస్తున్నాడు. అప్పయ్య గొంతు సవరించుకుని, "ఒక లైను తీసేస్తే ఏటవుద్దమ్మా, ఒప్పేసుకుందారి," అని మెల్లగా అన్నాడు.

"తీసేస్తే రేపు వెనకాలే మళ్ళీ ఇంకో పడవ దిగుతుంది, చిన్నాన్నా," అంది సుచరిత. "వచ్చే జాబితాలో మళ్ళీ మన పేర్లుండవు. ప్రతిసారీ మనం ఇలా వచ్చి ఇక్కడ నిలబడాలా?"

నూకన్న గొంతు మారింది. "సరే. తనిఖీ కావాలంటే అందర్నీ చేస్తారు. కార్డులన్నీ ఒకే తేదీవి. ఒకటి రద్దయితే అన్నీ రద్దవుతాయి. ముసలమ్మ పిన్నీ, నీకైతే ఏ రిజిస్టరూ లేదు. నిన్ను ఓడెక్కించేస్తే ఎక్కడికెళతావు? సోచ్ కే బోలో, ఆలోచించి చెప్పు."

ముసలమ్మ అప్పటిదాకా మెట్టు మీద కూర్చుని ఉంది. ఇనుప చువ్వల కట్ట పట్టుకుని లేచింది.

"నన్నేటి బెదిరిస్తున్నావా, నూకన్నా? నా కొడుకుని సముద్రం తీసుకుపోయింది. నా ఇల్లు సముద్రంలో ఉంది. ఇంక నా దగ్గర నువ్వు తీసుకోడానికి ఏటుంది, సెప్పు." ఆమె గొంతు పెంచలేదు. "నాను కాగితం నేనిదాన్ననే రాయించుకుని వచ్చాను. సూడొచ్చినోళ్ళకి ముందు నన్నే సూపించు. తరవాత క్యాంపుకి తీసికెళ్ళు. ఆ తరవాత ఆళ్ళకి కార్డులిప్పించినోడి ఇంటికి తీసికెళ్ళు. నువ్వు మెంబరువి, దారి నీకు తెల్దా?"

కొట్లో తూకం వేసేవాడు చెయ్యి ఆపాడు. ముసలమ్మ ఇంకు డబ్బా తీసి, మొదటి పేరా పక్కన బొటనవేలు గట్టిగా నొక్కింది. తరవాత అప్పయ్య. తరవాత గవరమ్మ. పైడిబాబు సంతకం పెట్టగలడు, అయినా వేలిముద్రే వేశాడు.

"అందిందని రాసి, తేదీ వేసి, సంతకం పెట్టండి, మెంబరు గారూ," అంది సుచరిత. "నకలు పోర్ట్ బ్లెయిర్‌లో డిప్యూటీ కమిషనర్ ఆఫీసులో ఇస్తాం. ఇంకోటి ఎంపీ గారికి పోస్టులో. అన్నిటిలో మొదటి పేరా ఉంటుంది. మా పేర్లు చేర్చిన స్థానికుల జాబితా మీద సంతకం మాత్రం ఈ రోజే కావాలి. అది మీ దయ కాదు, కాంట్రాక్టులో రాసిన మాట."

"పెట్టకపోతే?"

"ఏటుంది, ఇక్కడే కూకుంటాం," అంది గవరమ్మ. "సిమెంటు లారీ మా మీంచి ఎలితే ఎల్తాది."

లారీ అప్పటికే రెండుసార్లు హారన్ కొట్టింది. పద్దెనిమిది మందీ గేటుకడ్డంగా కూర్చున్నారు. అన్నం మూటలు విప్పుకున్నారు. గవరమ్మ నూకన్న భార్యని లోపలినుంచి మంచినీళ్ళు అడిగి మరీ తెప్పించుకుంది. ఎండ గేటు దాటి కొట్లోకి వచ్చేదాకా కదల్లేదు. మూడింటికి ఆయన రెండు సంతకాలూ పెట్టాడు. పెన్ను బల్ల మీదికి విసిరేశాడు గానీ, సంతకం మాత్రం శుభ్రంగా పెట్టాడు.

మూడు వారాలకి తనిఖీ వాళ్ళు జీపుల్లో వచ్చారు. అర్జీలో కోరినట్టే ముందు గుట్టకే వచ్చారు. ఇరవై తొమ్మిది కాపురాలు రిజిస్టరుతో సరిపోయాయి. తరవాత క్యాంపుకి వెళ్ళారు. అక్కడి కార్డులకి వెనక ఏ కాగితమూ దొరకలేదు. మేస్త్రీని పట్టుకెళ్ళారు. కార్డులు ఎవరిప్పించారన్న ప్రశ్న మాత్రం ఫైల్లోనే ఉండిపోయింది. దాని మీద సుచరిత ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉంది. క్యాంపు మనుషుల్ని వ్యాను ఎక్కిస్తుంటే ముసలమ్మ కిందికి దిగి, ఆ తల నెరిసిన ఆయన చేతిలో ఎండుచేపల పొట్లం పెట్టింది. పేట వాళ్ళలో కొందరికి అది నచ్చలేదు. "ఆడి బువ్వ మీద నాకు పగేటి? నా పోరు ఆడ్ని తెచ్చినోడితో," అంది వాళ్ళతో.

పైడిబాబు, అప్పయ్య, మల్లేశు, ఇంకా పందొమ్మిది మంది జెట్టీ పనిలో చేరారు. ముసలమ్మ పేరు 'ఆధారం లేనివారు' అన్న జాబితాలో చేరింది. ఆమె కొత్త కార్డు రద్దయి, రేషను ఆగిపోయింది. పేటలో రోజుకొక షెడ్డు ఆమెకి అన్నం పెట్టింది. సుచరిత ప్రతినెలా ఆఫీసుకి వెళ్ళింది, ప్రతినెలా పరిశీలనలో ఉందన్నారు. ముసలమ్మని ఎవరూ ఓడెక్కించలేదు, ఎవరూ కార్డు తిరిగి ఇవ్వనూ లేదు. రెండువేల తొమ్మిది వానల్లో, ఆ పరిశీలన తేలకుండానే, రేకుల షెడ్డులో కన్నుమూసింది.

ఇది చదివినవారిని అడిగేది ఒక్కటే. దొంగకాగితాల మీదా, దొంగదారిన మనుషుల్ని తెచ్చేవాళ్ళ మీదా మాట్లాడవలసి వచ్చినప్పుడు వెనకాడకండి, మీరు గెలిపించినవాళ్ళని నిలదీసి అడగండి. అడిగేటప్పుడు మాత్రం ముసలమ్మని గుర్తుపెట్టుకోండి. ఒక్క అబద్ధపు లైనుతో బయటపడగలిగి కూడా, ముందు నన్నే చూడమని చెప్పిన మనిషి ఆమె.