మరిది అడిగిన ప్రశ్నలు

కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్లు అడిగే ప్రశ్నలు మహా అయితే ముప్ఫయ్యో నలభయ్యో ఉంటాయి. లెక్క సున్నా నుంచే ఎందుకు మొదలవ్వాలి, ఒక సమానం గుర్తుకీ రెండింటికీ తేడా ఏమిటి, ఎడమ పక్క ఖాళీ వదలకపోతే ఏం కొంప మునుగుతుంది... పదకొండేళ్లుగా ఒక శిక్షణ కేంద్రంలో రోజుకు మూడు తరగతుల చొప్పున వీటికే జవాబులు చెబుతున్నాను. నాకున్న కాస్త ఓపికా అక్కడే ఖర్చయిపోతుంది. ఇంట్లోవాళ్లకు మిగిలేది కోపమే. మా చెల్లెలు బతికుండగా ఆ మాట నా మొహం మీదే అనేది.

అది పోయి ఏడు నెలలైంది. ఆసుపత్రిలో ఉన్న అయిదు నెలలూ వాళ్లాయనకు, అంటే మా మరిదికి, ఫోన్లో మాటలు రికార్డు చేసి పంపేది. అతను దర్జీ. రెండు చేతులూ గుడ్డ మీదే ఉంటాయి కాబట్టి చదవడం కుదరదు, వింటూ కుట్టుకునేవాడు. మొత్తం మూడువందల పదకొండు. ఫోన్ నిండిపోతోందని వాటన్నిటినీ కొట్లో ఉన్న కంప్యూటర్‌లోకి మార్చుకుని, ఫోన్లోవి తీసేశాడు. తీరా చూస్తే ఫైళ్ల పేర్లన్నీ బారెడేసి అంకెలు. తేదీల వరసన ఒకటి, రెండు, మూడు అని పేర్లు పెట్టుకుంటే మొదటినుంచీ వినొచ్చని అతని ఆశ.

“ఇలా ఇవ్వు, పది నిమిషాల పని,” అన్నాను.

“వద్దు వదినా, నేర్పండి చాలు, నేనే చేసుకుంటాను. తన కోసం చెయ్యడానికి నాకింకేం మిగిలింది?”

ఇక ఏమనను? పేర్లు వాటంతటవే మారేలా చిన్న ప్రోగ్రామ్ రాయడం నేర్పాను.

కొలతల పుస్తకంలో ఒక పేజీ చించకుండా మడిచి, నా జవాబులన్నీ అందులో రాసుకునేవాడు. ఒంటి వేలితో టైపు చేసేవాడు. ఎక్కడ ఆగినా నాకు ఫోన్.

“వదినా, ఈ కొటేషన్ గుర్తులు ఒంటివి పెట్టాలా, జంటవి పెట్టాలా?”

“ఏవైనా ఒకటే.”

“మరి రెండు రకాలెందుకు పెట్టారు?”

“నన్నడిగి పెట్టారా ఏంటి?”

అటువైపు నవ్వేవాడు. చెల్లెలు పోయాక అతను నవ్వింది ఆ ఫోన్లలోనే. అది తెలిసి కూడా విసుక్కునేదాన్ని.

ఆ గురువారం నేను తరగతిలో ఉండగా నాలుగోసారి ఫోన్ చేశాడు. చిర్రెత్తుకొచ్చింది. వరండాలోకి వచ్చి ఎత్తాను.

“వదినా, మొదటి ఫైలుకి ఒకటి అని పేరు పెట్టింది. రెండోదాని దగ్గర ఆగిపోయింది. ఆ పేరుతో ఫైలు ముందే ఉందంటోంది.”

నా విద్యార్థి ఎవరైనా ఈ మాట అంటే, లేచి వెళ్లి పక్కన నిలబడి తెర చూస్తాను. అతని తెర చూడలేదు, రాసింది చదవమని కూడా అనలేదు.

“నిన్నటి పాత ఫైలేదో ఉండిపోయుంటుందిలే. రీనేమ్ తీసేసి రీప్లేస్ అని పెట్టు. నోరు మూసుకుని పని చేస్తుంది.”

“మా పనిలో అయితే గుడ్డ కోసేముందు కాగితం కోసి చూసుకుంటాం వదినా. ఇందులో అలాంటిదేం లేదా?”

“అబ్బబ్బా! ప్రతిదానికీ ఒక యక్షప్రశ్న! ముందు చెప్పింది చెయ్యి,” అని పెట్టేశాను.

గంట తర్వాత మళ్లీ ఫోన్.

“వదినా, ఇందాకటిలాగా వెనక్కి వెళ్లాలంటే ఏది నొక్కాలి?”

తరగతి అలాగే వదిలేసి కొట్టుకు పరిగెత్తాను. మిషన్ మీద సగం కుట్టిన కోటు చెయ్యి ఉంది. కీబోర్డు నిండా సుద్దపొడి. ఫోల్డర్లో ఒకే ఒక్క ఫైలు, దాని పేరు ఒకటి.

‘లెక్క ఒకటి నుంచి మొదలుపెట్టు’ అనే వాక్యాన్ని అతను ఒక్కో ఫైలు మీదుగా చుట్టు తిరిగే లూప్ బయట రాయాల్సింది, లోపల రాశాడు. దాంతో చుట్టు తిరిగిన ప్రతిసారీ లెక్క మళ్లీ ఒకటికే వచ్చింది, అన్ని ఫైళ్లకూ అదే పేరు వచ్చింది. రీనేమ్ అయితే కుదరదని ఆగింది. రీప్లేస్ ఆగదు. ఉన్నదాన్ని తుడిచేసి ఆ చోట కొత్తదాన్ని కూర్చోబెడుతుంది. మూడువందల పది సార్లు అదే చేసింది.

రెండు రోజులు కూర్చున్నాను. తెలిసిన సాఫ్ట్‌వేర్లన్నీ వేశాను, మా కేంద్రంలో నాకంటే పెద్దాయన్ని తీసుకొచ్చాను. ఏమీ రాలేదు. మిగిలిన ఆ ఒక్కటీ చెల్లెలు చివరగా పంపింది. ఆరు సెకన్లు. “ఇప్పుడు మాట్లాడలేను, మళ్లీ చేస్తా,” అంటుంది, అంతే. వింటూ ఆ బల్లమీదే తల పెట్టుకుని ఏడ్చాను.

అతనే నన్ను ఓదార్చాడు. “ఊరుకోండి వదినా. మీరు ఎంత ఓపిగ్గా నేర్పారు! నాదే మట్టిబుర్ర.”

ఓపిగ్గానట! తప్పంతా తన నెత్తిన వేసుకుంటుంటే, సిగ్గులేకుండా, ఊరుకుందామనే అనిపించింది. కానీ ఆ మనిషి ఇక జన్మంతా తనను తానే తిట్టుకుంటాడు.

“నువ్వు చేసింది మొదటి వారంలో అందరూ చేసే తప్పే,” అన్నాను. “దానివల్ల ఒక్కటీ పోలేదు. కంప్యూటర్ ఆగింది కూడా, నువ్వు నాకు చెప్పావు కూడా. చూడకుండా రీప్లేస్ పెట్టమన్నది నేను.”

అతను మెడలోని టేపు తీసి, చుట్ట చుట్టి, బల్లమీద పెట్టాడు. అప్పుడు అడిగాడు.

“రీప్లేస్ అంటే ఉన్నది పోతుందని మీకు ముందే తెలుసా, వదినా?”

“తెలుసు,” అన్నాను.

ఆ తర్వాత అతను నన్నింకేమీ అడగలేదు.