మీటరు కూసిన గోడ

ఇరవై ఐదు ఇళ్ళు చూస్తే నా పేరున ముద్ర ఇస్తారు. ఇరవై నాలుగు అయిపోయాయి. ఆ ఇరవై నాలుగిళ్ళలోనూ నా ఓపికకి పరీక్ష పెట్టిన మనిషి ఒక్కరే, మా పున్నయ్య గారు.

మా పని ఇళ్ళు తనిఖీ చేయడం. కొనేవాళ్ళు తాళాలు తీసుకునే ముందు మమ్మల్ని పిలుస్తారు. నేల మీద టైల్స్ తట్టి చూస్తాం, స్విచ్చులన్నీ వేసి చూస్తాం, బాత్రూములో బకెట్టు నీళ్ళు కుమ్మరించి ఎటు పారుతున్నాయో చూస్తాం, గోడల్లో చెమ్మ వెతుకుతాం. చెమ్మని ఇక్కడ రాయపూర్‌లో మన తెలుగువాళ్ళు కూడా హిందీ మాటతో సీలన్ అనే అంటారు. ఆఫీసు శంకర్ నగర్‌లో. యజమాని ఈశ్వర్ గారికి నియమాలంటే ప్రాణం. కొత్తగా చేరినవాళ్ళు పెద్ద ఇన్‌స్పెక్టరు వెంట ఇరవై ఐదు ఇళ్ళు తిరగాలి, ప్రతి రిపోర్టు మీదా ఆయన సంతకం పడాలి, ఆ తర్వాతే సొంత ముద్రతో రిపోర్టులివ్వొచ్చు. పెద్ద ఇన్‌స్పెక్టర్లకూ సుఖం లేదు, ఏటా కొత్తవాళ్ళతో పాటు పదహారు గంటలు క్లాసులో కూర్చుని పరీక్ష రాయాలి. సంతకమైన రిపోర్టులో తప్పు తేలిందా, కొత్తవాళ్ళ లెక్క మళ్ళీ సున్నాకి వస్తుంది, సంతకం పెట్టినాయన ఆ పరీక్ష మళ్ళీ రాయాలి.

జూన్ పదో తారీఖులోగా నాకు ఇరవై ఐదూ పూర్తి కావాలి. లేకపోతే మళ్ళీ జనవరి దాకా టైపు కుర్చీ. సివిల్ డిప్లొమా చేసి కూడా ఆ కుర్చీలో రెండేళ్ళు కూర్చుని ఇతరులు చూసొచ్చిన ఇళ్ళ గురించి టైపు కొట్టాను. సింకు కింద లీకేజీ ఉంది అని కొన్ని వందల సార్లు కొట్టి ఉంటాను, ఒక్క సింకు కిందా వంగి చూడలేదు. ఆ కుర్చీ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పున్నయ్య గారు రైల్వే క్వార్టర్ల మరమ్మతులు చూసి రిటైరైన మనిషి. అరవై మూడేళ్ళు. శ్రీకాకుళం వైపు నుంచి వాళ్ళ నాన్నగారి కాలంలోనే ఇక్కడికి వచ్చేశారు. మా నాన్నా ఆయనా ఒకే కాలనీలో పెరిగారు కాబట్టి, ఆఫీసంతా సార్ అంటున్నా నేను మాత్రం బాబాయ్ గారూ అనే పిలుస్తాను. ఆయన గోడ చూడటమంటే అదో పెద్ద తంతు. చెప్పులు విప్పుతారు. అరచేతి వెనక వైపు గోడకి ఆనిస్తారు. కళ్ళు మూసుకుంటారు. ఇంకా అనుమానం తీరకపోతే చెంప కూడా ఆనిస్తారు. ఈలోగా నేను తేమ మీటరు పట్టుకుని మూడు గదులు చుట్టేసి వస్తాను. మీటరు గోడకి పెడితే అంకె చూపిస్తుంది, అరవై దాటితే కూస్తుంది. అందులో చెంపకేం పనో నాకు అర్థమయ్యేది కాదు.

డిసెంబరు క్లాసులో ఆ మీటరు గురించి చెప్పడానికి నాగపూర్ నుంచి ఒకాయన వచ్చాడు. ఇరవై మందిమి ఉన్నాం. పున్నయ్య గారు లేచి నిలబడి, "సార్, ఇది నీళ్ళనే పట్టుకుంటందా, మరేటైనా ఉన్నా కూస్తాదా?" అని తన తెలుగు హిందీలో అడిగారు. వచ్చినాయన నవ్వి, "చాచాజీ, పేరులోనే ఉంది కదా, తేమ మీటరు," అన్నాడు. అందరం నవ్వాం. నేను కాస్త ఎక్కువే నవ్వాను. పున్నయ్య గారు కూర్చున్నారు. ఆ రోజు పరీక్షలో నాకు మొదటి మార్కు, ఆయనకి అత్తెసరు.

ఇరవై ఐదో ఇల్లు మందిర్ హసౌద్ దాటాక కొత్తగా లేచిన అపార్టుమెంట్లలో మూడో అంతస్తు. కొంటున్నది హరీష్ అనే అతను, ఉర్లాలో ఒక స్టీలు కార్ఖానాలో పని. మే నెల, పదకొండు గంటలకే బయట నిలబడలేకపోతున్నాం. హాల్లో మీటరు పెట్టగానే కూత మొదలైంది. దూలం కింద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా కూస్తూనే ఉంది. మూలన స్తంభం పక్కన కూడా పైనుంచి కింద దాకా అదే వరస. హరీష్ ముఖం పాలిపోయింది. నాకు మాత్రం లోపల హుషారుగా ఉంది. ఆఖరి ఇంట్లో ఇంత పెద్ద లోపం దొరికితే రిపోర్టు బరువుగా ఉంటుంది.

పున్నయ్య గారు స్టూలెక్కి చెయ్యి ఆనించారు. చాలాసేపు ఆనించారు.

"నీళ్ళెక్కడివమ్మా కల్యాణీ?" అన్నారు దిగుతూ.

"పై ఫ్లాట్లోంచి బాబాయ్ గారూ, ఇంకెక్కడివి."

"పైనెవరున్నారు?"

ఎవరూ లేరు. పై అంతస్తుకి ఇంకా నీళ్ళ కనెక్షనే ఇవ్వలేదు. ఆ సంగతి హరీష్ చెప్పాడు. వాన పడి ఏడు నెలలైంది. నాకు చిరాకేసింది. ఒక్క సంతకం, ఒక్క ఇల్లు, ఈయన ఇక్కడా పేచీ పెట్టాలా అనుకున్నాను. కానీ ఆ ప్రశ్న వదల్లేదు. నీళ్ళు ఎక్కడివి? ఎక్కణ్ణుంచీ రాకుండా గోడలో ఉండవు కదా, ఏదో దారినే వచ్చి ఉండాలి. ఏ దారి?

సంచిలోంచి చాక్‌పీసు తీశాను. మీటరు కూత ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో అడుగడుగునా గీత పెట్టుకుంటూ పోయాను. గంట పట్టింది, చెమటలు కారిపోతున్నాయి. స్టూలు దిగి వెనక్కి జరిగి చూస్తే గోడ మీద రెండు గీతలు, జానెడు ఎడంగా, ఎక్కడా వంకర లేకుండా ఉన్నాయి. స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. చెమ్మ అలా ఉండదు. చెమ్మ మ్యాపులో దేశాల సరిహద్దుల్లా ఎటు పడితే అటు పాకుతుంది.

"బాబాయ్ గారూ, ఇది నీళ్ళు కాదేమో," అన్నాను. ఆ మాట నా నోటినుంచి వచ్చినందుకు నాకే వింతగా ఉంది.

"మరేటి?"

"తెలీదు. చూద్దాం."

ఆయన ముఖం వెలిగింది. పున్నయ్య గారు అలా సంబరపడటం నేను అంతకుముందు చూడలేదు. ఇద్దరం కిందకి దిగి సైటు సూపర్‌వైజరు కిరణ్‌ని పట్టుకున్నాం. గోడ కట్టాక ప్లాస్టరింగుకి ముందు దూలం దగ్గర, స్తంభం దగ్గర ఏం చేస్తారని అడిగాను. దీనికింత హడావుడా అన్నట్టు చూసి హిందీలో చెప్పాడు. ఇటుకా కాంక్రీటూ కలిసే చోట ప్లాస్టరు పగలకుండా ముర్గా జాలీ కొడతారట. కోళ్ళ గూళ్ళకి వాడే ఇనప తీగల వల అది. జానెడు వెడల్పు ముక్కలు కోసి, మేకులు కొట్టి, పైన ప్లాస్టరు పూసేస్తారు.

మిగిలిన చుట్ట ఒకటి షెడ్డు పక్కన పడి ఉంది. ఎండకి కాలి ముట్టుకుంటే చురుక్కుమంటోంది. దాని మీద ఒక పొడి ప్లైవుడ్ ముక్క వేసి మీటరు పెట్టాను. కూసింది. ముక్కని జాలీ మీద నుంచి పక్కకి జరిపాను. ఊరుకుంది. మళ్ళీ జాలీ మీదకి జరిపాను. కూసింది. అలా పది సార్లు చేసి ఉంటాను. హరీష్ నవ్వాడు, కిరణ్ ఇంకో ఇద్దరు మేస్త్రీలని పిలిచి చూపించాడు. ఎంత ఆనందమేసిందో చెప్పలేను. క్లాసులో మొదటి మార్కు వచ్చినప్పుడు ఇందులో సగం కూడా లేదు. నీళ్ళు లేవు, ఇనుముంది, ఈ పిచ్చి మీటరుకి రెండూ ఒకటే.

రిపోర్టులో చెమ్మ లేదని రాశాను, ఎందుకు లేదో కూడా రాశాను. పున్నయ్య గారు మందిర్ హసౌద్‌లో టీ కొట్టు బల్ల మీద పెట్టి సంతకం చేశారు. ఇరవై ఐదు. టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది పదకొండో ఇల్లు.

జనవరి. ఉర్లా దారిలో కొత్త ఫ్లాట్లు, కింది వాటా. రైల్వే ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన వరహాలమ్మ గారు కొనుక్కున్నారు. పడకగదిలో దూలం కింద, స్తంభం పక్కన, జానెడు వెడల్పున, మీటరు కూసింది. గోడకి అవతల బాత్రూము. ఇంకేముంది, పైపు కారుతోందని తేల్చేశాను. పున్నయ్య గారు చెయ్యి ఆనించి, "పొడిగానే ఉన్నట్టుందమ్మా," అన్నారు. "మీటరు తొంభై చూపిస్తోంది బాబాయ్ గారూ," అన్నాను. ఆయన సంతకం పెట్టేశారు. వరహాలమ్మ గారికి ఆయాసం ఉందని తెలిసి, నా అంతట నేనే ఒక వాక్యం కలిపాను కూడా: మరమ్మతు జరిగేదాకా ఈ గదిలో పడుకోరాదు. ఆ వాక్యం రాసినందుకు ఆ రోజు నన్ను నేనే మెచ్చుకున్నాను.

టీ చల్లారిపోయింది. పున్నయ్య గారికి చెప్పాను. ఆయన తల దించుకున్నారు.

"నాకూ గుర్తే," అన్నారు. "చెయ్యి చెప్పింది. నానే నోరు మూసుకున్నాను. క్లాసులో నవ్వీసారు కదా, మళ్ళీ ఏటి నవ్వించుకోడం అనుకున్నాను."

ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉన్నానని ఆయనకి తెలుసు. సిగ్గుతో ముఖం ఎటు పెట్టుకోవాలో తెలియలేదు. అయినా నా బుద్ధి చూడండి, ఆ సిగ్గులోనే లెక్కలేసుకుంటోంది. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు. సోమవారం ఈశ్వర్ గారు ముద్ర చేతిలో పెడతారు. ఆ తర్వాత మెల్లగా చెప్పుకోవచ్చు. ఇప్పుడు చెబితే సున్నా. జూన్ పదికి ఇంకా పదిహేడు రోజులు, అన్ని రోజుల్లో ఇరవై ఐదిళ్ళు ఎవరూ చూడలేరు. మళ్ళీ ఆ కుర్చీ.

"ముద్ర వచ్చాక చెబుదామా బాబాయ్ గారూ?" అనేశాను.

ఆయన కోప్పడలేదు. "చెబుదాంలే. ఎప్పుడు చెబితే ఏటి," అని గ్లాసు పక్కన పెట్టారు. "ఆవిడ ఏ గదిలో పడుకుంటందో మరి," అన్నారు. నిజంగానే తెలుసుకోవాలని అన్నట్టు అన్నారు.

అంతే, నాకు కూర్చోబుద్ధి కాలేదు. ఆ ఇంట్లో ఒకటే పడకగది. ఆయన్ని స్కూటరు వెనక కూర్చోబెట్టుకుని, ఆ ఎండలో ఊరు ఈ చివరి నుంచి ఆ చివరికి పోయాను.

వరహాలమ్మ గారు తలుపు తీసి, "ఏటమ్మా, ఈ ఎండలో వచ్చేరు, రండి రండి," అంటూ మంచినీళ్ళు తెచ్చారు. వంటింటి గుమ్మం పక్కన చాప చుట్టి పెట్టి ఉంది, దాని మీద దిండు. పడకగది తలుపు గడియ వేసి ఉంది.

"మామ్మ గారూ, ఆ గది..."

"మీరు పడుకోవద్దన్నారు కదమ్మా, మూసీసాను. ప్లంబరు రెండు మాట్లొచ్చి బాత్రూములో పలకలు తీసి చూసేడు. పైపు బాగానే ఉందన్నాడు. సీలన్ ఎక్కణ్ణుంచి వస్తందో దొరకలేదు. దొరికేదాకా ఇలగే కానిద్దాం అనుకున్నాను."

నాలుగు నెలలు. ఆ వయసులో, ఆ ఆయాసంతో, వంటింటి గుమ్మంలో గచ్చు మీద. గడియ తీసి లోపలికి వెళ్ళాను. నా మీటరు కూసిన చోటల్లా చాక్‌పీసుతో గీసుకుంటూ పోయాను. జానెడు వెడల్పు, వంకర లేని గీతలు. తర్వాత మీటరు సంచిలో పడేసి చెయ్యి ఆనించాను. అరచేతి వెనక వైపు, కళ్ళు మూసుకుని. పొడిగా ఉంది.

చెప్పేశాను. గోడలో చెమ్మ లేదు, ఇనప జాలీ ఉంది, నేను తప్పు రాశాను, నా తప్పు వల్ల మీరు కింద పడుకున్నారు అని. తిడతారనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆవిడ గోడ దగ్గరికి నడిచి, అలవాటైన చోటే అన్నట్టు చెయ్యి పెట్టారు.

"రోజూ పొద్దున్న గది తుడిసేటప్పుడు ఇలగే ముట్టుకుని సూసేదాన్ని తల్లీ," అన్నారు. "పొడిగానే తగిలేది. చదువుకున్న పిల్ల మిషను పెట్టి సూసి రాసింది కదా, నాకే ముసిలితనానికి చెయ్యి మొద్దుబారిపోయింది అనుకున్నాను. డాక్టరుకి కూడా చూపించుకున్నాను."

పున్నయ్య గారు వెనక్కి తిరిగి కిటికీ తలుపులు తెరవడం మొదలుపెట్టారు. హాల్లో వాల్చే చోటు లేక నిలబెట్టి ఉంచిన మంచం ముగ్గురం కలిసి లోపలికి మోసుకొచ్చాం. తల ఎటు పెట్టుకుంటారని అడిగితే తూర్పు అన్నారు. తూర్పుకే వేశాం.

ఆఫీసుకి చేరేసరికి నాలుగైంది. తప్పు దిద్దే కాగితం ఒకటుంటుంది మా దగ్గర, రెండు పేజీలు. ఎవరి తప్పు అన్న చోట నా పేరు రాశాను. పున్నయ్య గారు పెన్ను తీసుకుని పక్కన ఆయన పేరు కూడా రాశారు. శిక్షణ లెక్క అన్న చోట ఇరవై ఐదు కొట్టేసి సున్నా వేశాను. చివర ఒక ప్రశ్న ఉంది, ఈ తప్పు ముందే తెలుసుకునే వీలు ఉందా అని. మామూలుగా అందరూ లేదు అని రాసి వదిలేస్తారు, రెండేళ్ళు టైపు చేసినదాన్ని, నాకు తెలుసు. నేను ఇలా రాశాను: ఉంది. ఇంటావిడ చేతికి మొదటి రోజు నుంచీ తెలుసు. మేం ఆవిణ్ణి అడగలేదు.