వదిలిన విత్తనం

లాంబ్రోస్ కౌజు పిట్టల వేటకి ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాడు. సర్కారు ఆ ఏటి వేట తెరిచిన రోజు పొద్దున్నే కొండెక్కి, శిఖరం కింది రాళ్ల వాలులో తిరిగే గుంపులోంచి రెండు పిట్టల్ని కొట్టి దిగిపోయేవాడు. ఆ ఏడు మళ్లీ అటువైపు తొంగిచూసేవాడు కాదు. "మిగిలింది విత్తనం. విత్తనంలో రెండోసారి చెయ్యి పెట్టేవాడు దొంగతో సమానం" అన్నది తండ్రి చెప్పిన మాట. లాంబ్రోస్ ముసలివాడయ్యాడు గానీ ఆ మాట తప్పలేదు.

అయినా పిట్టలు తగ్గుతూనే వచ్చాయి. మెట్ల చేలల్లో గోధుమ వేసే రోజుల్లో కొండ నిండా గుంపులే. చేలు బీడుపడ్డాయి. మేకల మందలు పోయాయి. పొదలు కమ్ముకున్నాయి. చివరికి ఒక్క గుంపు మిగిలింది. లాంబ్రోస్ నక్కల్ని తిట్టాడు, అడవిపందుల్ని తిట్టాడు, జీపుల్లో వచ్చే పట్నం వేటగాళ్లని తిట్టాడు. ఆ గుంపు ఎక్కడ ఉంటుందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. పాపాలు చెప్పుకునేటప్పుడు ఫాదిరీకి కూడా చెప్పలేదు. ఆ కొండల్లో కౌజుల చోటు బయటపెట్టుకున్న మగవాడు లేడు.

ఈ ఏడాది గుంపులో ఏడు పిట్టలు కనబడ్డాయి. రెండు కొట్టి అయిదు వదిలాడు.

తర్వాత కనేలాకి జబ్బు చేసింది. కనేలా అతని వేటకుక్క, దాల్చినచెక్క రంగు, సెట్టర్ జాతిది. కడుపులో గడ్డ. పశువుల డాక్టరు వేలితో నొక్కి చూసి, "క్రిస్మస్ చూడదు పెద్దాయనా" అన్నాడు. అది తిండి మానేసింది. కానీ రోజూ తెల్లవారగానే లేచి, తుపాకీ ఉన్న గోడ దగ్గరికెళ్లి నిలబడేది. తుపాకీని చూసేది. అతన్ని చూసేది.

లాంబ్రోస్ ఓర్చుకున్నంతకాలం ఓర్చుకున్నాడు. అయిదులో దాని కోసం ఒకటి పోతే నాలుగు, రెండు జంటలు, విత్తనానికి అవి చాలు అనుకున్నాడు. క్రిస్మస్ దాకా మాంసం ముట్టని ఉపవాసాలకి ముందురోజు ఒక్క తూటా జేబులో వేసుకుని బయల్దేరాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"పుట్టగొడుగులకి."

"తుపాకీతోనా?"

"ఊఁ."

కనేలా దారిలో మాటిమాటికీ ఆగింది. అది ఆగినప్పుడల్లా లాంబ్రోస్ వంగి బూటు తాడు సర్దుకున్నాడు. తన కోసం ఆగాడని దానికి అనిపించకూడదు.

శిఖరం దగ్గర ఎదురుగాలి తగిలింది. కనేలా తల ఎత్తింది. జబ్బు మరిచిపోయింది. పొట్ట నేలకి ఆనించినంత కిందికి వంగి, రాళ్ల మధ్య పాములా జారుతూ శిఖరం దాటి, ఒక ముళ్లపొద ముందు ముందుకాలు ఎత్తి అలాగే బిగుసుకుపోయింది. పిట్టలు ఆ పొదలోనే ఉన్నాయి.

పొదకి అవతల ఇంకో కుక్క. తెల్లది, నల్ల మచ్చలు. అదీ కాలెత్తి బిగుసుకుపోయి ఉంది. రెండు ముక్కులూ ఎదురెదురుగా ఉన్నాయి. మధ్యలో పొద ఒక్కటే.

ఆ కుక్క ముర్గోస్ అని లాంబ్రోస్ గుర్తుపట్టాడు. వెనకాలే అవతలి ఊరి స్టెర్యోస్ తుపాకీ పట్టుకుని రొప్పుతూ ఎక్కి వచ్చాడు. లాంబ్రోస్ కూతుర్ని అతని కొడుక్కే ఇచ్చారు.

"ఏం బావా, దారి తప్పావా?" అన్నాడు స్టెర్యోస్, పిట్టలు లేవకుండా గొంతు తగ్గించి. "ఇది నా గుంపు."

"నీదెప్పట్నుంచి?"

"మా నాన్న నాటి నుంచి. ఏటా ఉపవాసాల ముందురోజు వస్తా, రెండు కొడతా, పోతా. పిల్లనిచ్చి, ఇస్తానన్న మేకని ఎగ్గొట్టిన రకం కాదు నేను. విత్తనం వదిలి మరీ పోతా."

లాంబ్రోస్ ఆ ఎత్తిపొడుపు విననట్టే ఉన్నాడు. "నువ్వొచ్చేసరికి ఎన్నుంటాయి?"

"పోయినేడు ఆరు. అంతకుముందు ఇంకా ఎక్కువే. ఏం?"

"నేను వేట తెరిచిన రోజున వస్తా. ఈ గుంపు మీదికే. రెండు కొడతా. మిగతావి విత్తనానికని వదిలి పోతా."

స్టెర్యోస్ తుపాకీ గొట్టం నేలవైపు దించాడు.

"నేను వదిలిన విత్తనం నువ్వు కోశావు బావా" అన్నాడు లాంబ్రోస్. "ఇన్నేళ్లూ."

"ఒక్కసారి నోరు తెరిచి చెప్పొచ్చుగా! ఒక మనవణ్ణి ఇద్దరం ఎత్తుకుంటున్నాం."

"నువ్వు చెప్పావా?"

కుక్కలు రెండూ వణుకుతూ నిలబడే ఉన్నాయి. స్టెర్యోస్ చూపు కనేలా డొక్కల మీద పడింది.

"దీనికేమైంది?"

"గడ్డ."

"ఉంటుందా?"

లాంబ్రోస్ తల అడ్డంగా ఊపాడు. స్టెర్యోస్ తన తుపాకీ విప్పి, తూటాలు రెండూ తీసి జేబులో వేసుకున్నాడు.

"కొట్టు. దాని కోసం ఒకటి కొట్టు. నా వాటా అనుకో."

లాంబ్రోస్ అడుగు ముందుకు వేశాడు. పొద పగిలినట్టు పిట్టలు లేచాయి. అయిదు కాదు, నాలుగే. ఒకదాన్ని మధ్యలో నక్కే తిందో, గద్దే తన్నుకుపోయిందో. వెనకబడ్డ పిట్ట మీదికి గొట్టం తిప్పాడు. కొడితే తప్పే దూరం కాదు. మీట మీద వేలుంది. నాలుగులో ఒకటి పోతే మూడు. అందులో ఒకటి ఒంటరిది.

పిట్టలు బండ చాటుకి తిరిగాయి. తుపాకీ దించాడు.

కనేలా పిట్ట పడే చప్పుడు కోసం చెవులు రిక్కించి చూసింది. పడలేదు. వెనక్కి తిరిగి లాంబ్రోస్‌ని చూసింది. గురి తప్పినప్పుడు కూడా అది అతన్ని అలా చూడలేదు.

"పిట్టల్లేవమ్మా" అన్నాడు. "ఇంక లేవు."

అది పొదలోకి దూరి, పిట్టలు కూర్చున్న చోట ముక్కు పెట్టి పడుకుంది. ముర్గోస్ దగ్గరికొస్తే గుర్రుమంది. ముర్గోస్ వెనక్కి తగ్గింది. స్టెర్యోస్ రాతి మీద కూలబడ్డాడు.

"పిట్టకూర తెస్తానని చెప్పి వచ్చా ఇంట్లో."

"చిక్కుళ్లు వండమను."

"రేపట్నుంచి పండగదాకా చిక్కుళ్లే కదా నా మొహానికి."

ఇద్దరూ నవ్వలేదు. స్టెర్యోస్ పిట్టలు పోయిన బండ వైపు చూస్తూ అడిగాడు.

"వచ్చే ఏడు ఎవరొద్దాం బావా? నువ్వా, నేనా?"

"ఎవరం రావద్దు."

"ఆ పై ఏడు?"

లాంబ్రోస్ జేబులోంచి రొట్టె తీసి విరిచి సగం అతనికిచ్చాడు. గాలి చల్లబడింది. ఆ చోట పిట్టల వాసన ఆరిపోయేదాకా కనేలా లేవలేదు. లాంబ్రోస్ పిలవలేదు.