నయమైపోయిన చెయ్యి

జొన్నరొట్టె మళ్లీ అంచున పగిలింది. కుడిచేతికి చూపుడువేలూ నడిమివేలూ పోయాక కరుణ ఎడమ అరచేత్తో రొట్టె తట్టడం నేర్చుకుంటోంది. పిండి ఇంకా మాట వినడం లేదు. ఎలీషా పళ్లెంలో పడ్డ ముక్కల్ని తిరగేసి చూశాడు. "ఒక రొట్టె సరిగ్గా కొట్టలేవు, మళ్లా కేసని నంద్యాలకు పోతాండావ్," అన్నాడు. తినేది తింటూనే అన్నాడు మహానుభావుడు! రెండు చేతులూ నిక్షేపంగా ఉన్న మొగుడు ఒక్కరోజైనా పిండి పిసికిన పాపాన పోయాడా? ఆ మాట కరుణ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. పగిలిన రొట్టెకు తనే సిగ్గుపడింది.

ఆళ్లగడ్డ శివార్లలోని విత్తనాల మిల్లులో ఆమె ఏళ్లుగా పనిచేసింది. గింజలు జల్లించే మిషను బెల్టుకు అడ్డంగా ఉండాల్సిన రేకు ఊడిపోతే ఎవరూ బిగించలేదు. ఒకరోజు చెయ్యి లోపలికి పోయింది. మిల్లు సూపర్‌వైజరు ప్రభాకర్ ఆమె వెళ్లే చర్చికే సంఘపెద్ద. ఆస్పత్రికి ఆయనే తీసుకుపోయాడు, పక్కన కూర్చుని ప్రార్థన చేశాడు, కాదనకూడదు. కట్టు విప్పిన ఆదివారం, దేవుడు చేసిన మేళ్లు అందరూ నిలబడి చెప్పుకునే వేళ, "లెయ్యమ్మా, నువ్వూ సాక్ష్యం చెప్పు," అన్నది కూడా ఆయనే. అక్కడ లేచినవాళ్లెవరూ సగం నయమైందని చెప్పరు. జ్వరం కాస్త తగ్గినా పూర్తిగా స్వస్థత అనే అంటారు. కరుణ కూడా కొంగులో చెయ్యి దాచుకుని, "నా చేతిని దేవుడు పూర్తిగా స్వస్థపరిచినాడు, స్తోత్రం," అని కూర్చుంది. చర్చంతా ఆమెన్ అంది.

తర్వాత పరిహారం కావాలని కార్మికశాఖ ఆఫీసులో అర్జీ పెట్టింది. వారం తిరక్కుండానే, పనికి పోతే మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. "నీకు ఈడ పని లేదంట, పోమ్మా." తోటి ఆడవాళ్లు తల తిప్పుకుని లోపలికి పోయారు. దొంగతనం చేసి పట్టుబడినదానిలా కరుణ తలవంచుకుని ఇంటికొచ్చింది.

నంద్యాల బస్సులో ఆడవాళ్లకిచ్చే ఉచిత టికెట్టు కోసం ఎడమచేత్తో ఆధార్ కార్డు చాపితే, "కుడిచెయ్యి లేదా ఏందమ్మా?" అని కండక్టరు కసురుకున్నాడు. చెయ్యి చూపించి నోరు మూయించొచ్చు. కరుణ కొంగు ఇంకో చుట్టు చుట్టుకుంది.

కోర్టు ఆవరణలో న్యాయసేవ వాళ్లు ఆడవాళ్లకు ఫీజు లేకుండా లాయరునిస్తారు. ఆమెకు దొరికిన దీపిక వయసులో చిన్నదే గానీ మాట మాత్రం కచ్చితం. "రెండు దార్లున్నాయక్కా. వేళ్లు పోయినందుకు పరిహారం కేసు ఒకటి. పరిహారం అడిగినందుకు పనిలోంచి తీసేసినారే, అది ఇంకోటి. గడువు లోపల రెండూ వేయొచ్చు."

కరుణకు ప్రాణం లేచొచ్చింది. అంతలోనే దీపిక, ఆమె అర్జీకి మిల్లువాళ్లిచ్చిన జవాబు చదివి వినిపించింది. చెయ్యి పూర్తిగా నయమైందని ఆమే చర్చిలో చెప్పిందట, పని తనంతట తానే మానేసిందట.

"నిజంగా అట్ల చెప్పినావా అక్కా?"

"చెప్పినా మేడం. అందరూ అట్లే చెప్తారు."

"డాక్టరు సర్టిఫికెట్ ఉంది, దీనికి భయపడొద్దు. కానీ చర్చివాళ్లను తెచ్చి నిలబెడతారు. అప్పుడు నువ్వేం చెప్తావో ఆలోచించుకో."

దేవుణ్ని కోర్టు మెట్లెక్కించింది తనేనా? భూమి చీలితే దూరిపోదామనిపించింది కరుణకు.

శనివారం ప్రభాకర్ ఇంటికొచ్చాడు. "అర్జీ వెనక్కి తీస్కో కరుణమ్మా. చెప్పిన సాక్ష్యం కాదంటే దేవున్ని అబద్ధికున్ని చేసినట్లే కదా?" టీ తాగి గ్లాసు కింద పెట్టి పోయాడు. "సంఘంలో నా తల తీసేయొద్దు," అన్నాడు ఎలీషా. ఆ గ్లాసు తోముతుంటే వేళ్లు లేని చోటునుంచి జారి పడింది. కరుణకు ఒళ్లు మండిపోయింది. రేకు బిగించనిది దేవుడా? గేటు మూసింది దేవుడా? ఆయన పేరు అడ్డం పెట్టుకుని మిల్లు తప్పించుకుంటుంటే, సిగ్గుతో చచ్చేది మాత్రం తనా?

ఆదివారం సాక్ష్యాల వేళ కరుణ లేచింది. సిగ్గు ఎక్కడికీ పోలేదు, ఆ సిగ్గుతోనే కొంగు విప్పి చెయ్యి పైకెత్తింది. మగవాళ్ల వైపునుంచి ఎలీషా కూర్చోమని సైగ చేస్తున్నాడు. ప్రభాకర్ బైబిల్లోకి తల దించుకున్నాడు.

"పోయినసారి నయమైందని చెప్పినా. కాలేదు. ప్రాణం దేవుడు కాపాడినాడు, ఆయనకు స్తోత్రం. వేళ్లు మాత్రం మిల్లు తీసుకునింది, దానికి మిల్లే జవాబు చెప్పల్ల. రేపు నంద్యాలకు పోయి రెండు కేసులూ వేస్తాండా."

చర్చిలో ఎవరూ ఆమెన్ అనలేదు. కరుణే అంది.