మీగడ రంగు కింద

బండి లోపల పాట మోగుతోంది. పాట వెనకాల కెప్టెన్ గారు అరుస్తున్నారు.

కొత్త స్పీకర్లు ఎంత బాగా పలుకుతున్నాయంటే, మనిషి అరుపు పాటలో కలిసిపోయింది. మూసిన అద్దం మీద ఆయన అరచేతులు దబదబ బాదుతుంటే గానీ షెడ్డులో వాళ్ళకి విషయం అర్థం కాలేదు. అప్పటికే డ్యాష్‌బోర్డు కింద నుంచి నల్లటి పొగ పైకి లేస్తోంది.

"తలుపు తియ్యండి! మీట నొక్కండి!" అని అరిచింది తీగలమ్మ.

అసలు పేరు ఆమెకే గుర్తుండదు. బళ్ళలో స్పీకర్లు పెట్టడం, తీగలు లాగడం ఆమె పని కాబట్టి షెడ్డులో అందరికీ తీగలమ్మే.

కెప్టెన్ గారు మీట నొక్కుతూనే ఉన్నారు. తలుపు కదల్లేదు. ఆయనది పాతకాలపు రెండు తలుపుల బండి. ముచ్చటపడి చేయించుకున్న సోకుల్లో మొదటిది, తలుపులకు పిడులు లేకపోవడం. బయట నున్నగా, చెయ్యి వేస్తే జారిపోయేలా ఉంటుంది. మీట నొక్కితే కరెంటుతో తెరుచుకోవాలి. పాటకి కరెంటు అందుతోంది గానీ, తలుపులకి వెళ్ళే తీగ కాలిపోయింది.

బావ పరిగెత్తుకొచ్చాడు. షెడ్డు యజమాని, తీగలమ్మ అక్క మొగుడు. బళ్ళకి రంగులు వేసేదీ ఆయనే. కంగారులో చేతికి అందిన సుత్తి పట్టుకొచ్చి అద్దం మీద ఒక్కటిచ్చాడు. సొట్టలు తీసే రబ్బరు సుత్తి అది. బంతిలా ఎగిరి ఆయన నుదుటికే తగిలింది.

తీగలమ్మ అప్పటికే వెనక్కి పరిగెత్తింది. డిక్కీకి మాత్రం తాళంచెవి ఉంది. బ్యాటరీ కూడా డిక్కీలోనే. పానా తీసుకుని బ్యాటరీ క్లాంపు ఊడబీకింది.

పాట ఆగిపోయింది. ఆ తర్వాత వినిపించిన దగ్గు మాత్రం ఆమె జన్మలో మర్చిపోలేదు.

బ్యాటరీ పక్కనే ఆమె కట్టిన బేస్ బాక్సు. చివరి పరీక్ష అయ్యాక గట్టిగా బిగిద్దామని బోల్టులు చేత్తో తిప్పి వదిలేసింది, అదే మేలైంది. ఊడదీసి, రెండు చేతులా లాగి కింద పడేసింది. దాని వెనక మనిషి భుజాలు పట్టేంత ఖాళీ. ఆ ఖాళీకి అడ్డంగా వెనక సీటు తోలు, దాని మీద వజ్రాల ఆకారంలో కుట్లు.

ఆమె ఒక్క క్షణం ఆగింది. ఆ కుట్లు వేసి వేసి సీట్లు కుట్టే మామ కళ్ళు మండిపోయాయి.

పక్కనుంచి ఒక చెయ్యి ముందుకొచ్చింది. మామ చెయ్యి, అందులో తోలు కోసే కత్తి.

"చూస్తావేంటమ్మా, కోసెయ్."

కోసింది. తల దూర్చింది. పొగ కళ్ళల్లో కారం కొట్టింది. ముందు సీటు కింద తడిమింది. కరెంటు పోయిన రోజు పనికొస్తుందని తలుపు గడియకు తనే ఒక ఇనప తీగ కట్టి, కొసకు రింగు పెట్టింది, కెప్టెన్ గారికి ఇంకా చూపించలేదు. వేలు తగిలింది. లాగింది. టక్‌మని తలుపు తెరుచుకుంది. కెప్టెన్ గారు బస్తాలాగా బయటికి దొర్లారు.

* * *

ఆఫీసు గది ముందు బల్ల మీద కూర్చోబెట్టారు ఆయన్ని. అక్క కూజా తెచ్చి గ్లాసు మీద గ్లాసు నీళ్ళు పోస్తోంది. బావ తడిగుడ్డతో కొట్టి మంటలు ఆర్పేసి వచ్చాడు. మసి పట్టిన మీసం, ఎర్రబడ్డ కళ్ళు, అయినా కెప్టెన్ గారు ముందు అడిగింది బండి గురించే.

"పెద్దావిడకి ఎలా ఉంది?"

ఆ బండిని ఆయన భార్య పెద్దావిడ అంటుంది. తనకంటే ముందే ఆ ఇంట్లో అడుగుపెట్టింది కాబట్టి, తను చిన్నావిడట. ఊరంతా నవ్వే మాట అది. ఇప్పుడెవరికీ నవ్వు రాలేదు.

"డ్యాష్‌బోర్డు కింద కాలిందండీ. రంగు మీద మచ్చ పడలేదు," అన్నాడు బావ.

"రంగు సంగతి తర్వాత. ఎవరు చేశారీ పని?" కెప్టెన్ గారి గొంతు ఇంకా గరగరలాడుతోంది. "మొన్న ఈవిడ తీగలన్నీ లాగి స్టార్ట్ చేస్తే ఒక్క గుక్కలో లేచింది. ఇవాళ సెల్ఫ్ కొడితే మూలిగింది. మళ్ళీ కొట్టాను, మళ్ళీ మూలిగింది. ఆ తర్వాత పొగ. మొన్నటికీ ఇవాళ్టికీ మధ్య ఎవరో చెయ్యి పెట్టారు. ఆ చెయ్యి ఎవరిదో తేలేదాకా నేనిక్కడి నుంచి కదలను. తేలకపోతే పోలీసులే తేలుస్తారు."

పొగొస్తే లోకమంతా ముందు వేలు చూపించేది పాటల పెట్టె వైపే. ఇప్పుడు తన పేరు వస్తుంది అనుకుంది తీగలమ్మ.

రాలేదు.

"ఇంకెవరండీ," అన్నాడు బావ. "నిన్న డ్యాష్‌బోర్డు కింద దూరింది మామ ఒక్కడే. తివాచీకి స్క్రూలు బిగించాడు. ఏదో తీగలోకి దిగుంటుంది."

అందరూ మామ వైపు తిరిగారు. మామంటే నిజానికి ఎవరికీ మామ కాదు. తీగలమ్మ తండ్రి ఈ షెడ్డు నడిపిన రోజుల నుంచీ సీట్లు కుడుతున్నాడు. షెడ్డు వెనక గది తప్ప ఆయనకు ఇల్లు లేదు, ఈ నలుగురు తప్ప దిక్కు లేదు. తీగలమ్మకు చిన్నప్పుడు సూది పట్టడం నేర్పింది ఆయనే. తీగ లాగే చెయ్యి తర్వాత కుదిరింది, దారం లాగే చెయ్యి ముందు కుదిరింది.

మామ ఎదురు చెప్పలేదు. అదే ఘోరం. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అయ్యుండొచ్చు అల్లుడూ. ఈ మధ్య చూపు ఆనట్లేదు."

"ఆనకపోతే చెప్పాలిగా మామా! మనిషి ప్రాణం పోయేది. ఇంక నీతో కాదులే. సంచి సర్దుకో."

"సంచి సర్దుకుంటే సరిపోదు," అన్నారు కెప్టెన్ గారు. "కేసు పెడతాను."

మామ తన సూదుల గుడ్డ ఒళ్ళో పరుచుకుని, ఒక్కో సూదీ దాని జేబులో గుచ్చసాగాడు. తీగలమ్మకు చూడబుద్ధి కాలేదు.

"కాసేపు ఆగండి. ఒకసారి చూసొస్తాను."

"నువ్వేం చూస్తావు మరదలా, పొగ పీల్చావు, కూర్చో," అన్నాడు బావ.

ఆమె వినిపించుకోలేదు.

ముందు తన ఫ్యూజు చూసింది. చెక్కుచెదరలేదు. పాటల పెట్టె తప్పు లేదు. టార్చి పట్టుకుని డ్యాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుంది. మామ స్క్రూలు ఒక్కొక్కటే వేలితో తడిమింది. అన్నీ పొట్టివి, అన్నీ చెక్కలోనే. ఒక్కటీ తీగ జోలికి పోలేదు. మామ చూపు మందగించిందేమో గానీ, చెయ్యి మందగించలేదు.

మరి తీగలెందుకు కరిగాయి? దగ్గరగా చూసింది. తీగలు లోపలి నుంచి కాల్లేదు, బయట ఏదో వేడి తగిలి కరిగాయి. ఆ వేడిది చోక్ కేబుల్. డ్రైవరు చేత్తో లాగే ఉక్కు తాడు, డ్యాష్‌బోర్డు నుంచి ఇంజిన్‌కి పోతుంది. దానిలో కరెంటు అనేదే ఉండదు. కానీ ఇప్పుడు అది కొలిమిలో పెట్టి తీసినట్టు నీలంగా మారిపోయింది.

ఆమె దాని దారి వెంట టార్చి జరిపింది.

కరెంటు బ్యాటరీ నుంచి బయల్దేరితే చాలదు. తిరిగి బ్యాటరీకి చేరాలి. ఇంజిన్‌లో సెల్ఫ్ తిప్పిన కరెంటు, ఇంజిన్ నుంచి బాడీకి కట్టిన రాగి పట్టీ మీదుగా వెనక్కి వస్తుంది. ఆ దారి మూసేస్తే కరెంటు ఊరుకోదు, దొరికిన సందులో దూరుతుంది. ఇక్కడ దొరికింది చోక్ కేబుల్.

బానెట్ ఎత్తింది. రాగి పట్టీ ఉంది. బోల్టు బిగుతుగానే ఉంది. కానీ బోల్టు కింద, పట్టీ కింద, అద్దంలా మెరుస్తూ మీగడ రంగు, బండి ఒంటి రంగు. పట్టీ అంచున గోటితో నొక్కింది. కొత్తగా వేసిన రంగే. గోటి గీత పడింది.

ఆ చోటు ఆమె స్వయంగా గోకింది. ఇనుము బయటపడేదాకా, వెండిలా తళతళలాడేదాకా గీకి, అప్పుడు పట్టీ బిగించింది. పెయింటు మీద బిగిస్తే కరెంటు దాటదు. ఎవరో పట్టీ విప్పి, అందంగా రంగు వేసి, ఆ రంగు మీద పట్టీ మళ్ళీ బిగించారు.

"కెప్టెన్ గారూ! ఒకసారి ఇటు రండి, దొరికింది!" అని అరిచి, కొలిచి చూపిద్దామని మీటరు కోసం తన బల్ల దగ్గరికి పరిగెత్తింది. మీటరు తీగలు చిక్కుపడి ఉన్నాయి. విడదీసేసరికి ఆలస్యమైంది. ఆఫీసు దగ్గరికి వెళ్ళి, దగ్గుతూ లేచిన కెప్టెన్ గారికి చెయ్యి ఆసరా ఇచ్చి నడిపించుకొచ్చింది. వెనకే మామ, చంకలో సంచి. ఆ వెనక అక్క.

"ఇదిగో, ఈ పట్టీ కింద చూడండి..."

ఆమె టార్చి వేసింది.

పట్టీ కింద రంగు లేదు. ఇనుము తళతళలాడుతోంది.

"ఏముంది? బాగానే ఉందిగా," అన్నారు కెప్టెన్ గారు.

"ఉంది... ఇప్పుడే ఉంది. రంగు..."

"పొగ తలకెక్కినట్టుంది మా మరదలికి," నవ్వాడు బావ. బండి అవతలి వైపు నిలబడి ఉన్నాడు. "పదండి సార్, లోపల కూర్చుందాం. దీనికి ఓ కప్పు కాఫీ పడితే మామూలు మనిషవుతుంది."

తీగలమ్మ కదల్లేదు. ఇంజిన్ మూత మీద ఏదో సన్నగా రాలి ఉంది. వేలితో తీసింది. మెత్తటి పొడి. మీగడ రంగు పొడి.

ఎవరో ఇప్పుడే ఎమరీ పేపరుతో గీకారు. ఆమె మీటరు తెచ్చుకునేలోగా.

ఆమె ఆఫీసు దగ్గరికి వెళ్ళినప్పుడు మామ ఇంకా బల్ల దగ్గర సూదులు సర్దుతూనే ఉన్నాడు. కెప్టెన్ గారు ఆయనకెదురుగా ఉన్నారు. అక్క కూజాతో ఆఫీసులోంచి వస్తోంది.

"కెప్టెన్ గారూ, నిన్న మీరు ఈ పట్టీ గురించి ఏమైనా అన్నారా?"

"అన్నాను. బానెట్ ఎత్తితే ఈ మూల గోకిన మచ్చ కనిపిస్తోంది, ఫొటోల్లో బాగోదు అని ఇక్కడే నిలబడి అరిచాను. నువ్వప్పుడు బజారుకెళ్ళావు. మిగతా అందరూ విన్నారు. అయితే?"

ఆమె తల ఎత్తింది. రంగంటే ప్రాణం పెట్టే మనిషి, మచ్చ కనిపిస్తే అన్నం సహించని మనిషి, కుడి చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

"బావా, చెయ్యి చూపించు."

"ఏంటే, జాతకం చెప్తావా?"

"చూపించు."

"మీ అక్క చూసిన జాతకం చాల్లే నాకు." నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. జేబు అంచున ఎమరీ పేపరు మూల కనిపిస్తోంది. ఆయన కళ్ళు ఆమెను బతిమాలుతున్నాయి. ఈ బల్ల ఆమెకు ఇచ్చింది ఆయనే. ఆడపిల్ల తీగలు లాగడమేంటని అందరూ ఎగతాళి చేసినప్పుడు, మా మరదలు లాగితే మీ బళ్ళే పాడతాయిరా అని గొడవకు దిగిందీ ఆయనే.

రంగు వెయ్యడం పొరపాటు. రంగుల మనిషి ఎవరైనా చేసే పొరపాటు. మంటలు ఆర్పుతూ కాలిన కేబుల్ చూడగానే ఆయనకు విషయం అర్థమై ఉంటుంది, భయపడి ఉంటాడు. అదీ క్షమించొచ్చు. కానీ ముసలాయన అవతల సూదులు సర్దుకుంటుంటే, ఇవతల వంగి నిదానంగా ఎమరీ పేపరు రుద్దాడు.

తీగలమ్మ అక్క వైపు చూసింది. చెబితే కూలేది అక్క కాపురం. కూజా వొంగి నీళ్ళు ఒలుకుతున్నా అక్క బావ జేబు వైపే చూస్తోంది. ఆఫీసు కిటికీలోంచి చూస్తే బానెట్ నేరుగా కనిపిస్తుందని తీగలమ్మకు అప్పుడు గుర్తొచ్చింది.

"ఎవరమ్మాయ్?" కెప్టెన్ గారు విసుగ్గా అడిగారు. "తెలిస్తే చెప్పు. లేదంటే ఈ పెద్దాయన్ని స్టేషన్‌కి పంపిస్తాను."

"పదండి బాబూ," అన్నాడు మామ, సంచి భుజానికెత్తుకుంటూ. "పిల్లల్ని ఇబ్బంది పెట్టకండి."

అక్క కూజా నేల మీద పెట్టింది. మొగుడి వైపు చూడలేదు.

"నువ్వు చెప్తావా," అంది చెల్లెలితో, "నన్ను చెప్పమంటావా?"

తీగలమ్మ మామ భుజం మీంచి సంచి తీసి తన చేతిలోకి తీసుకుంది.

"మామ కాదండీ, కెప్టెన్ గారూ," అంది. "మా బావ."