దొర ముద్ద ముట్టడం లేదు

బొద్దింకల విషయంలో నాతో వాదించే ధైర్యం మా ఇంట్లో ఎవరికీ లేదు. నేను పనిచేసే పెంపుడు జంతువుల కొట్లో పురుగుల గది నాది. బల్లులకి మేతగా పెంచే బొద్దింకలు అక్కడ కోడిగుడ్ల అట్టల మధ్య నా మాట వింటూ బతుకుతాయి. కనీసం నేనలా అనుకుంటాను.

అలాంటి నన్ను మా మామగారి బల్లి పూచికపుల్లలా తీసిపారేసింది.

అది గోడ మీద తిరిగే రకం కాదు. మూరెడు పొడుగు, దవడ కింద ముళ్ళ గడ్డం. ఆయన దాన్ని దొర అని పిలిచేవారు. ఆయన పోయినప్పటి నుంచి దొర ముద్ద ముట్టలేదు. రోజంతా ఆయన వచ్చే తలుపు వైపే చూస్తూ ఉంటుంది. ఇంకా ఇలాగే ఉంటే గొట్టం వేసి తిండి పట్టాలన్నారు డాక్టరు, కానీ ముసలి ప్రాణం కదా, తట్టుకోకపోవచ్చట. అది విన్న దగ్గర్నుంచి అత్తగారు గాజుపెట్టె ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. బొద్దింక పేరెత్తితే చీపురు అందుకునే మనిషి ఆవిడ. ఆయన మేత పెడుతున్నంతసేపూ గుమ్మం అవతలే నిలబడేవారు.

"ఇది కూడా పోతే నేను తట్టుకోలేనమ్మాయ్" అన్నారు, గుడ్ల నీళ్ళు కుక్కుకుని.

నా ధీమా మాత్రం తగ్గలేదు. ఆ గదిలో ఇన్ని వేల బొద్దింకలుండగా ఒక్క బల్లి కడుపు నింపలేనా?

ఎర్రగా, సర్రున పరిగెత్తే రకం వద్దనుకున్నాను. ఒక్కటి తప్పించుకున్నా అత్తగారు ఇల్లు ఖాళీ చేస్తారు. బుసకొట్టే రకం అద్దం కూడా ఎక్కేస్తుంది. డూబియా అని ఇంకో రకం ఉంది. నున్నటి గోడ ఎక్కలేదు, ఎగిరి మీద పడదు, ఒళ్ళంతా కండే. వాటిలోనూ దొర రెండు కళ్ళ మధ్య ఎడానికి మించనివే ఏరాను, అంతకన్నా పెద్దవైతే దానికి అరగవు. క్యారెట్ తినిపించాను, కాల్షియం పొడి అద్దాను. ఇంత ముస్తాబు నేనెప్పుడూ చేసుకోలేదు.

వంటింట్లో ఊరికే దొరికేవాటికి ఇంత ఎంపిక దేనికని అత్తగారు అడిగారు. అవి ఏ మందు తిని వచ్చాయో ఎవరికి తెలుసన్నాను. ఆ మందు చల్లేది ఆవిడే.

నున్నటి గిన్నెలో వేసి దొర ముందు పెట్టాను. అది ఒకసారి చూసి, మళ్ళీ తలుపు వైపు తిరిగింది. బొద్దింకలు కాళ్ళు ముడుచుకుని గులకరాళ్ళలా పడున్నాయి. గిన్నె కదిపాను, బతిమాలాను, చివరికి తిట్టాను కూడా. సాయంత్రానికి ఒక్కటీ తగ్గలేదు. దొర మీద కంటే వాటి మీదే నాకు ఒళ్ళు మండింది. నా పరువు తీశాయి.

"ఆయన గిన్నెలో పెట్టేవారు కాదు" అన్నారు అత్తగారు.

మరెక్కడ పెట్టేవారని అడిగితే తన అరచెయ్యి చూపించారు.

అప్పుడు వెలిగింది నాకు. గిన్నెలో ముడుచుకుని పడుండే పురుగు అరచేతిలో వేస్తే ఊరుకోదు, నడుస్తుంది. కదిలితేనే దొర దాన్ని తిండి అనుకుంటుంది. తప్పించుకుపోకూడదన్న యావలో పడి నేను ఏరి ఏరి కదలని మేత తెచ్చాను.

పెట్టెలో చెయ్యి పెట్టబోతే అత్తగారు నా మణికట్టు పట్టుకుని ఆపారు.

"నేను పెడతాను."

మొహం అటు తిప్పుకుని అరచెయ్యి చాపారు. ఒకటి వేశాను. ఆవిడ ఒళ్ళంతా జలదరించింది, చెయ్యి మాత్రం కదల్లేదు. బొద్దింక కాళ్ళు విప్పి వేళ్ళ వైపు నడిచింది. దొర తలుపు మీంచి చూపు తిప్పింది. నాలుక చటుక్కున తగిలింది, అరచెయ్యి ఖాళీ.

ఆయన పోయాక అత్తగారు గొంతు విప్పి ఏడవడం అదే మొదలు. చెయ్యి మాత్రం పెట్టెలోంచి తియ్యలేదు. నేనూ ఏడ్చేశాను.

"ఇంకోటి వెయ్యి" అన్నారు ముక్కు ఎగబీల్చి. "ఈసారి కాస్త చురుగ్గా ఉన్నది ఏరు."