వియ్యంకుడి ప్రార్థన

శుక్రవారం సాయంత్రంలోగా హెడ్మాస్టరు తన కాళ్ళ మీద తాను ఒక్క నిమిషం నిలబడాలి. నిలబడకపోతే శనివారం పొద్దున్నే వ్యాను వస్తుంది. మంచాన పడ్డవాళ్ళని చూసుకునే ఇంకో ఆశ్రమానికి తీసుకుపోతుంది. బస్సులో రెండున్నర గంటల దూరం.

బుధవారం మధ్యాహ్నం ఈ కబురు చెవిన పడగానే సర్వేయరు చేతిలో చెంచా కింద పెట్టేశాడు.

సర్వేయరు కూతుర్ని హెడ్మాస్టరు కొడుక్కిచ్చి ముప్ఫై ఏళ్ళయింది. భార్యలు పోయాక వియ్యంకులిద్దరూ ఒకే వృద్ధాశ్రమంలో పక్కపక్క గదుల్లో చేరారు. రోజూ నాలుగింటికి చదరంగం, ఆరింటికి తగాదా. మూడు వారాల కిందట హెడ్మాస్టరు స్నానాల గదిలో జారిపడ్డాడు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషనయింది. ఇక నిలబడొచ్చని డాక్టరు చెప్పాడు కానీ మనిషి మంచం దిగడం లేదు. "పడుకోబెట్టింది దేవుడు, లేపాలనుకుంటే ఆయనే లేపుతాడు" అంటాడట. ఆదివారం వచ్చిన కొడుకూ కోడలూ బతిమాలి బతిమాలి గొంతులు పోగొట్టుకుని వెళ్ళారు.

"నన్ను లోపలికి పంపించండి, నేను లేపుతాను" అన్నాడు సర్వేయరు, హెడ్మాస్టరుని ఉంచిన నర్సుల బ్లాకు గుమ్మంలో నిలబడి.

సిస్టర్ రిజిస్టరు తిప్పింది. "భార్య, పిల్లలు, తోడబుట్టినవాళ్ళు. మీరేమవుతారు?"

"వియ్యంకుణ్ణి."

"ఆ గడి లేదండీ."

"గడి లేకపోతే గీయండి తల్లీ! ముప్ఫై ఏళ్ళు ఈయన్ని భరించాను. తోడబుట్టినవాడైతే ఎప్పుడో విడిపోయి ఉండేవాణ్ణి."

"రోగుల పక్కన కూర్చుని ప్రార్థన చేసే 'ప్రార్థన తోడు' బ్యాడ్జి ఉన్నవాళ్ళని రోజూ నాలుగింటికి పంపిస్తాం. మీకుందా?"

లేదు. వచ్చే దారీ లేదు. ఆశ్రమంలో చేరేటప్పుడు 'నమ్మకం' అన్న గడిలో "లేదు. ఉండదు. అడగొద్దు" అని రాసిన ఏకైక మనిషి సర్వేయరు.

అయినా అరగంటలో ఓదార్పు మేడమ్ ఎదురుగా కుర్చీలో ఉన్నాడు. అన్ని మతాలవాళ్ళకీ ప్రార్థనలు ఏర్పాటు చేసేది, దిగులు పడ్డవాళ్ళ పక్కన కూర్చునేది ఆవిడే. పేరుకి ఓదార్పే కానీ రూలు దగ్గర ఇనుప గొలుసు. లాగినా సాగదు.

"ఉన్నట్టుండి నమ్మకం ఎలా కలిగింది?"

"వయసు, మేడమ్."

"ఏదీ, ఒక ప్రార్థన చెప్పండి."

సర్వేయరుకి ఒక్కటీ రాదు. అంతలో చదరంగం బల్ల గుర్తొచ్చింది. మంత్రి పోయినప్పుడల్లా బావగారు గొణిగేది ఏమిటి? కళ్ళు మూసుకుని అందుకున్నాడు. "దయామయా, దారి మూసుకుపోయింది. నలువైపులా శత్రువులే. నా తెలివి చాలదు తండ్రీ, నువ్వే ఒక్క అడుగు చూపించు."

మేడమ్ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బ్యాడ్జి ఇచ్చేసింది.

గురువారం నాలుగింటికి ఆ బ్యాడ్జి చూసి హెడ్మాస్టరు దిండు మీద నుంచి తలెత్తాడు. "ఇది మీకెవరిచ్చారు బావగారూ? దొంగ చేతికి తాళాలిచ్చినట్టుందే!"

"ష్! ప్రార్థన మొదలవుతోంది." సిస్టర్ అటుగా వెళ్తుంటే సర్వేయరు రాగం తీశాడు. "ఓ దయామయా! నీ భక్తుడు మంచం దిగడం లేదు. తన బద్ధకాన్ని తెచ్చి నీ నెత్తిన రుద్దుతున్నాడు. ఈ నింద నీకెందుకు తండ్రీ..."

ఎదురు మంచం మీది లారీ డ్రైవరు దుప్పట్లో ముఖం దాచుకుని కిసుక్కుమన్నాడు. హెడ్మాస్టరూ నవ్వాడు. నవ్వాడే కానీ కాలు కదపలేదు. సర్వేయరు చెయ్యి అందిస్తే గోడవైపు తిరిగిపోయాడు.

"బావగారూ, నిలబడితే కాళ్ళ కింద నేల ఉండదేమో అనిపిస్తోంది" అన్నాడు గోడతోనే. "వెళ్ళిపోనివ్వండి నన్ను. అక్కడా దేవుడుంటాడు."

"దేవుడుంటాడు సరే, చదరంగం ఎవరాడతారు?"

హెడ్మాస్టరు దుప్పటి తల మీదికి లాక్కున్నాడు. ఆ రోజు సర్వేయరు భోజనానికి వెళ్ళలేదు.

శుక్రవారం నాలుగున్నరకి డాక్టరు రావాలి. నాలుగూ ఇరవై అయినా హెడ్మాస్టరు గోడనే చూస్తున్నాడు. మర్యాదలన్నీ అయిపోయాయి. సర్వేయరు గొంతు సవరించుకుని, వార్డంతా వినబడేలా ఎత్తుకున్నాడు.

"ఓ సర్వసాక్షీ! మా పిల్లల పెళ్ళి ఫోటో నువ్వు చూశావు. అందులో నాకన్నా నాలుగు వేళ్ళు ఎత్తుగా కనిపించే ఈ భక్తుడు..."

గోడవైపున్న తల గిర్రున తిరిగింది. "బావగారూ! వద్దు."

"...వియ్యంకుడికన్నా పొట్టిగా కనబడకూడదని, పంచె చాటున పెట్టె వేసుకుని నిలబడ్డ సంగతి..."

"అబద్ధం!"

"...నీకూ నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదు తండ్రీ. జీవితమంతా భూములు కొలిచిన కళ్ళివి. అసలు ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు!"

"ఐదూ ఆరు!" హెడ్మాస్టరు దుప్పటి తన్నేశాడు. "ఐదూ ఆరయ్యా! ఇలా రండి! వీపు ఆనించి నిలబడండి చెబుతాను! డ్రైవరుగారూ, మీరే సాక్షి!"

ఆయన పాదాలు నేలను తాకాయి. మంచం కమ్మీ పట్టుకుని లేచాడు. కమ్మీ వదిలేశాడు. ఛాతీ విరిచి, గడ్డం ఎత్తి, ఉన్న ఎత్తంతా నిలబడ్డాడు. అప్పుడు కిందికి చూసుకున్నాడు. ఎక్కడున్నాడో అర్థమై ఒక్కసారి ముందుకి ఊగాడు.

గుమ్మంలో డాక్టరు, ఆయన వెనకాల ఓదార్పు మేడమ్. డాక్టరు చప్పుడు చెయ్యకుండా గడియారం చూసుకున్నాడు. పట్టుకోకూడదు. పట్టుకుంటే నిమిషం చెల్లదు. సర్వేయరు రెండు చేతులూ హెడ్మాస్టరు నడుముకి అంగుళం దూరంలో ఆపాడు. గొంతులో రాగం లేదు. పెదవులు మాత్రం కదులుతున్నాయి. "పడనీకు... పట్టుకో... కాస్త పట్టుకో..."

"అరవై" అన్నాడు డాక్టరు. "కూర్చోబెట్టండి. వ్యాను అక్కర్లేదు."

సిస్టర్ పరుగెత్తుకొచ్చి కూర్చోబెట్టింది. డాక్టరు వెళ్ళిపోయాడు. మేడమ్ మాత్రం మంచం దగ్గరకొచ్చి హెడ్మాస్టరు ముఖంలోకి చూసింది. "ఆ పెట్టె సంగతి నిజమేనా?"

హెడ్మాస్టరు నీళ్ళు నమిలాడు. ఎంతైనా దేవుణ్ణి నమ్మినవాడు, అబద్ధం ఆడలేడు. "పెట్టె కాదమ్మా. పీట. అదీ రెండంగుళాలే."

ఆవిడ సర్వేయరు వైపు చెయ్యి చాపింది. సర్వేయరు మారు మాట్లాడకుండా బ్యాడ్జి తీసిచ్చాడు.

"దీన్ని అబద్ధం చెప్పి తీసుకున్నారు."

"అవునండీ."

"సోమవారం నిజం చెప్పి అడగండి. ఇస్తానో ఇవ్వనో అప్పుడు చూద్దాం." ఆవిడ గుమ్మం దాకా నవ్వు ఆపుకుంది, వరండాలో ఆపుకోలేకపోయింది.

"అయ్యా, ఇచ్చేస్తుందిలెండి" అన్నాడు డ్రైవరు. "నాక్కూడా ఒకటి చదవాలి మీరు. నా రహస్యాలు పీటతో అయ్యేవి కావు."

హెడ్మాస్టరు ఊపిరి తీసుకుంటూ కాసేపు కళ్ళు మూసుకున్నాడు. తర్వాత ఒక్క కన్ను తెరిచాడు. "బావగారూ, ఇందాక పడనీకు, పట్టుకో అని గొణిగారు. ఎవరితో?"

"సిస్టర్‌తో."

"సిస్టర్ అప్పుడు లేదు."

"డాక్టరుతో."

"డాక్టర్ని 'నువ్వు' అని పిలుస్తారా?"

సర్వేయరు కింద పడ్డ దుప్పటి తీసి శ్రద్ధగా మడతపెట్టడం మొదలుపెట్టాడు.

"మాట మార్చకండి" అన్నాడు హెడ్మాస్టరు.

"నేనేమీ మాట్లాడలేదే!"

"అదే మరి. పైవాడితో అన్న మాట మార్చకండి."